ఆడపడుచు కోసం సరోగసీ: కాదంటే కేసు పెడతారా?

ప్రశ్న: మా ఆడపడుచుకు జబ్బు చేసి గర్భసంచి తీసేశారు. పిల్లల్లేరు. వాళ్ల బిడ్డను నన్ను మోసి ఇమ్మని మా అత్తగారు, మా ఆయన పట్టుబడుతున్నారు. నాకు 29 ఏళ్లు, ఇద్దరు పిల్లలు, జీడి ఫ్యాక్టరీలో పని. ఒప్పుకుంటే 20 సెంట్ల జీడితోట నా పేర రాస్తారట. ముందు స్టాంప్ పేపరు మీద సంతకం పెట్టమంటున్నారు. పెట్టాక మనసు మారితే కేసు వేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. – ఒక సోదరి, పలాస

జవాబు: భయపడకమ్మా. పిండాన్ని మీ గర్భంలో ప్రవేశపెట్టే దాకా ఎప్పుడైనా వద్దనే హక్కు 2021 నాటి సరోగసీ చట్టమే మీకు ఇచ్చింది. ఏ స్టాంప్ పేపరూ దాన్ని లాక్కోలేదు. ఆ తర్వాత వెనక్కి తగ్గడం తేలిక కాదు కాబట్టి, ఆలోచించుకోవాల్సింది ఇప్పుడే.

ఇక ఆ తోట సంగతి. డబ్బు గానీ భూమి గానీ, ప్రతిఫలం ముట్టిందంటే అది కమర్షియల్ సరోగసీ. మీ వైద్య ఖర్చులు, ఇన్సూరెన్స్, నిబంధనల్లో చెప్పిన ఇతర ఖర్చులు తప్ప ఏదీ ఇవ్వకూడదు. అలా చేయించుకున్న దంపతులకు మొదటిసారి నేరానికే 5 ఏళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. పైగా, చట్టవిరుద్ధంగా సరోగసీ జరిగితే భర్తో బంధువులో ఆ స్త్రీని బలవంతపెట్టారనే కోర్టు భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది వాళ్లే. ఈ మాట మీ ఆయనకు తప్పకుండా చెప్పండి.

మీ ఆడపడుచు బాధ నిజమైనదే, బిడ్డ కావాలనుకోవడం తప్పు కాదు. కానీ చట్టం అడిగేది మనస్ఫూర్తిగా ఒప్పుకున్న స్త్రీని. అత్తింటివాళ్లంతా చుట్టూ కూర్చుని అనిపించిన 'సరే'ను నేను ఇష్టం అనను.

రేపు మీకే నిజంగా చేయాలనిపిస్తే దారి ఉంది. వయసు 25–35 మధ్య, సొంత బిడ్డ ఉండాలి, ఆ రెండూ మీకు సరిపోతాయి. అండం మాత్రం మీది కాకూడదు. జీవితంలో ఒక్కసారే చేయాలి, ప్రయత్నాలు మూడుకు మించకూడదు. జిల్లా మెడికల్ బోర్డు సర్టిఫికెట్, మీ పేర 36 నెలల ఇన్సూరెన్స్, బిడ్డ వాళ్లదేనని మెజిస్ట్రేటు ఆర్డరు ముందే తెచ్చుకోవాల్సింది వాళ్లు. మీకు అర్థమయ్యే భాషలో అన్ని ఇబ్బందులూ వివరించాకే సమ్మతి తీసుకోవాలి. గర్భం తీయించుకోమని మిమ్మల్ని ఎవరూ బలవంతం చేయరాదు.

ఒత్తిడి ఆగకపోతే శ్రీకాకుళంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఆదాయంతో పని లేకుండా మహిళలకు అక్కడ లాయరును ఉచితంగా ఇస్తారు. ఈలోగా దేని మీదా సంతకం పెట్టొద్దు.