మీ గుండె బండబారలేదు సిస్టర్

నైట్ డ్యూటీలో వెంటిలేటర్ ఖాళీ లేక ఒక పెద్దాయన మీ కళ్ల ముందే స్ట్రెచర్ మీద పోయారనీ, అప్పటి నుంచి పేషెంట్ల ముఖం చూడకుండా ఇంజెక్షన్ చేసి వచ్చేస్తున్నాననీ రాశారు. "నాలో జాలి చచ్చిపోయిందా?" అని అడిగారు.

లేదండీ. ఏం చేయాలో తెలిసీ, చేయనివ్వని పరిస్థితిలో ఇరుక్కుంటే పుట్టే బాధ ఇది. ఆండ్రూ జేమ్టన్ అనే తత్వవేత్త 1984లోనే దీన్ని మోరల్ డిస్ట్రెస్ అన్నారు. తట్టుకోలేక మనసు కాస్త పక్కకు జరుగుతుంది, అంతే. జాలి లేనివాళ్లు ఇంత రాయరు.

క్యాజువాలిటీలో పన్నెండేళ్లు చేశాను కాబట్టి చెప్తున్నా. ఐవీ (సెలైన్ సూది) పెట్టేటప్పుడు ఎలాగూ చేయి పట్టుకుంటాం కదా, ఆ అర నిమిషం ముఖం చూసి "పెద్దమ్మా, చీమ కుట్టినట్టు ఉంటుంది, అంతే" అనండి. నేను మళ్లీ మామూలు మనిషినైంది అక్కడే.

నర్సెస్ నోట్స్‌లో టైముతో సహా రాయండి: "2.10కి డ్యూటీ డాక్టర్‌కి చెప్పాను, వెంటిలేటర్ ఖాళీ లేదు" అని. అలాంటివి నాలుగు పోగయ్యాక ముగ్గురు కలిసి నర్సింగ్ సూపరింటెండెంట్‌కి రాసివ్వండి. ఒక్కరే వెళ్లకండి. నేను వెళ్తే "నీకొక్కదానికేనా కష్టం?" అన్నారు!

నిద్ర పట్టకపోతే టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

అన్నట్టు, ఆ రాత్రి మీతో డ్యూటీలో ఉన్న సిస్టర్‌ని ఒకసారి టీకి పిలవండి. ఆమెకీ నిద్ర పడుతోందో లేదో.