ఇస్తాంబుల్‌లో ఒక్క పూటే టైముంటే ఏ మసీదు చూడాలి: బ్లూ మాస్కా, సులేమానియేనా?

సులేమానియే. ఇందులో ఆలోచించడానికేమీ లేదు.

బ్లూ మాస్క్ బాగోదని కాదు. ఆరు మినార్లు, లోపలంతా నీలం పలకలు, ఫొటోలకి అంతకంటే ఏం కావాలి. కానీ అడుగు పెట్టగానే నాలుగు స్తంభాలు కళ్లకి అడ్డం పడతాయి, ఒక్కోటి దాదాపు 5 మీటర్ల లావు. గుమ్మటం బరువంతా ఎక్కడ దిగుతోందో అక్కడే తెలిసిపోతుంది. అంతకు అరవై ఏళ్ల ముందే, 1550-57 మధ్య, సుల్తాన్ సులేమాన్ కోసం కట్టిన సులేమానియే మసీదులో ఆస్థాన వాస్తుశిల్పి సినాన్ ఆ బరువుని కంటికి ఆననివ్వలేదు.

నేను సైట్ ఇంజినీర్‌ని. గుమ్మటం 53 మీటర్ల ఎత్తున ఉంది. ముందూ వెనకా రెండు అరగుమ్మటాలు దాన్ని పట్టుకున్నాయి, సరే. మరి పక్కలకి తోసే బలం ఏమైనట్టు? బయటికొచ్చి పక్కగోడ వెంట నడిచాను. రెండంతస్తుల వసారా, సన్నటి స్తంభాలు, కింద వుజూ, అంటే నమాజుకి ముందు కాళ్లూ చేతులూ కడుక్కోడానికి, కుళాయిల వరస. ఒక పెద్దాయన ప్యాంటు పైకి మడిచి పాదాలు కడుక్కుంటున్నాడు. ఆయన వెనకే దొరికింది జవాబు: గోడకి ఊతంగా కట్టిన లావుపాటి రాతి దిమ్మెలు. సగం లోపలికి, సగం బయటికి. బయటి దిమ్మెల మధ్య ఖాళీలో వసారా వేసేశాడు మహానుభావుడు. నీడకి నీడ, ఊతానికి ఊతం. మన దగ్గర బీమ్ కిందికి దిగితే ఫాల్స్ సీలింగ్ కొట్టి చేతులు దులుపుకుంటాం. ఇలాంటివి చూపించి కదా కాలేజీల్లో స్ట్రక్చర్స్ చెప్పాలి!

1660లో మంటలు, 1766లో భూకంపం. గుమ్మటం కొంత కూలినా మళ్లీ నిలబెట్టుకున్నారు. నూనెదీపాల మసి గాలివాటుకి గుమ్మం పైనున్న గదిలోకి చేరేదనీ, దాంతో సిరా చేసేవారనీ చెబుతారు. ఆ గాలి లెక్క కూడా సినాన్‌దే అంటారు, నేను నమ్ముతాను.

ప్యాకేజీ టూర్లని మాత్రం నమ్ముకోకండి. కార్పెట్ షాపుకి గంట కేటాయిస్తారు, ఇక్కడికి అసలు తీసుకురారు. మీరే వెళ్లండి. శుక్రవారం మధ్యాహ్నం వద్దు, జుమ్మా నమాజు టైములో సందర్శకుల్ని రానివ్వరు. సులేమాన్ సమాధి మసీదు వెనకే ఉంటుంది, అందరూ చూస్తారు. సినాన్‌ది ప్రహరీ బయట వీధి మూలన, చిన్నది. అది వదిలేసి రాకండి. ఆకలేస్తే మసీదు ఎదురు హోటళ్లలో తెల్ల చిక్కుడుగింజల కూర, అన్నం దొరుకుతాయి.