మూడున్నర రూపాయల మిత్తి

హన్మకొండ

బిడ్డా,

అమ్మను, బాపును విమానంలో కాశీకి తీసుకుపోతానన్నావట. మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చెప్తున్నంతసేపూ ఆమె సంతోషానికి పట్టపగ్గాలు లేవు. నాకూ అంతే. మన ఇంట్లో కాశీ పోయినవాళ్ళంతా కాజీపేటలో రైలెక్కి పోయినవాళ్ళే. జీతం అందుకున్న తొలి ఏడాదిలోనే నీకు ఈ ఆలోచన వచ్చిందంటే మా తమ్ముడి పెంపకం మీద నాకు ఎంత గర్వంగా ఉందో.

ఫోన్ పెట్టేసే ముందు మీ అమ్మ ఇంకో మాట అంది. ఆఫీసు కింద టేబుల్ వేసుకుని కూర్చున్న అబ్బాయి దగ్గర విమాన కంపెనీ పేరున్న క్రెడిట్ కార్డుకు ఫారం నింపావట, దాంతో టికెట్లు ఫ్రీగా వస్తాయట. ఆ మాట విన్నప్పటి నుంచి టెన్షన్ పట్టుకుంది. నేను ట్రావెల్స్ కౌంటర్లో ఏళ్ళ తరబడి కూర్చున్నదాన్ని. ఫోన్లో చెప్తే "సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా, చివరిదాకా చదువు.

ముందు సులువైన సంగతి. విమానం ఎక్కినప్పుడల్లా పాయింట్లు ఇచ్చే పథకాలుంటాయి: ఇండిగోకు బ్లూచిప్ ఉంది, ఎయిర్ ఇండియాకు మహారాజా క్లబ్ ఉంది. చేరడానికి పైసా అక్కర్లేదు, కార్డూ అక్కర్లేదు. ముగ్గురి పేర్ల మీదా సభ్యత్వం తీసుకుని, బుక్ చేసేటప్పుడే ఆ నంబర్లు వేయి. అంతే.

వచ్చిన పాయింట్లను మాత్రం కూడబెట్టకు. పాయింటు విలువ ఎంతో చెప్పేది కంపెనీ, మార్చేదీ కంపెనీయే, గడువు పెట్టేదీ కంపెనీయే. కింగ్‌ఫిషర్ 2012లో ఆగిపోయింది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆఖరి విమానం నడిపింది. గో ఫస్ట్ 2023 మేలో మూతపడింది. విస్తారా 2024 నవంబర్ 12న ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది, దాని పాయింట్లు కొత్త లెక్కలోకి మారాయి. నేను కౌంటర్లో ఉన్న రోజుల్లో "మేడం, నా మైల్స్ ఏమవుతాయి?" అని అడిగేవాళ్ళకు ఏం చెప్పాలో తెలిసేది కాదు. టికెట్టుకు సరిపోయాయంటే వెంటనే వాడెయ్.

ఇక కార్డు.

మన దగ్గర మిత్తిని, అంటే వడ్డీని, నూటికి నెలకు ఇంత అని లెక్కపెడతారు. మీ తాత ఎనుమాముల మార్కెట్లో ఆడ్తిదారు దగ్గర పత్తి మీద అప్పు తెస్తే రెండు రూపాయల మిత్తి. ఎవరైనా మూడు రూపాయల మిత్తికి తెచ్చాడంటే, "వాడి పని అయిపోయింది" అనుకునేవాళ్ళు. చాలా క్రెడిట్ కార్డుల కాగితాల్లో చిన్న అక్షరాలతో నెలకు మూడున్నర శాతం అని ఉంటుంది. అంటే మూడున్నర రూపాయల మిత్తి. దాని మీద 18 శాతం జీఎస్టీ. కలిపితే నాలుగు రూపాయలు దాటుతుంది. ఊళ్ళో అంత మిత్తి అడిగితే పంచాయితీ పెడతారు. అదే ఏసీ ఆఫీసు కింద విమానం బొమ్మ వేసి ఇస్తే సంతకం పెట్టేస్తున్నాం.

ఇప్పుడు నీకు ఎప్పుడూ చెప్పని సంగతి చెప్తాను. చిన్నబాపు హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి కార్డే తీసుకున్నాడు. ఏడాదిలో ఫలానా మొత్తం ఖర్చు పెడితే ఒక టికెట్ వోచర్ ఇస్తామన్నారు. వాడి ఆశ ఒక్కటే, మీ నాయినమ్మను కాశీ పంపాలని. నీ ఆశ లాంటిదే. ఏడాది ముగుస్తోంది, లెక్క చూసుకుంటే ఖర్చు ఇంకా తక్కువ పడుతోంది. దాంతో పెద్ద టీవీ కొన్నాడు. దసరాకు ఇంటిల్లిపాదికీ బట్టలు తెచ్చాడు. నా బీరువాలో ఉన్న ఆకుపచ్చ పట్టుచీర, నీ ఓణీల ఫంక్షన్‌కు నేను కట్టుకున్నది, ఆ కార్డు మీదదే. ఒక స్నేహితుడు ఫ్రిజ్ కొనుక్కుంటా, పైసలు చేతికిస్తా అంటే దాన్నీ తన కార్డు మీదే కొనిపించాడు. ఆ స్నేహితుడు సగమే ఇచ్చాడు.

వోచర్ వచ్చింది. ఒక్క టికెట్టుకే. అది కూడా అసలు ఛార్జీ వరకే, పన్నులు, ఎయిర్‌పోర్ట్ ఫీజులు మనమే కట్టాలి. మీ నాయినమ్మ ఒంటరిగా పోలేదు కదా, తోడు వెళ్ళేవాళ్ళకు పూర్తి ధర. కార్తీకంలో పోదామంటే ఆ వోచర్‌కు ఇచ్చే సీట్లు అప్పటికే అయిపోయాయి. ఇలా వాయిదా వేస్తుంటేనే గడువు దాటింది. ఆమె మోకాళ్ళు కూడా ఆగలేదు. కాశీ చూడకుండానే పోయింది.

అంతటితో పోయినా బాగుండేది. బిల్లులో రెండు అంకెలుంటాయి: టోటల్ డ్యూ, మినిమమ్ డ్యూ. వాడు నెలనెలా మినిమమ్ కట్టి, "బిల్లు కట్టేశా" అనుకున్నాడు. లెక్క చూడు. లక్ష బాకీ ఉంటే, ఐదు శాతం చొప్పున మినిమమ్ ఐదు వేలు. మిత్తి 3,500, దాని మీద జీఎస్టీ 630. అసలులోకి పోయేది 870 రూపాయలు. ఇంకో మెలిక ఉంది, ఇది చదువుకున్నవాళ్ళకూ తెలియదు. బాకీ మిగిల్చిన నెల నుంచి, కొత్తగా కొన్న వాటికి కూడా ఆ నలభై యాభై రోజుల మిత్తి లేని గడువు పోతుంది. పాలప్యాకెట్ కొన్నా ఆ రోజు నుంచే మిత్తి. ఏటీఎంలో తీస్తే సరేసరి, ఆ పూట నుంచే మిత్తి, పైన ఫీజు. పెట్రోలు, కిరాణా అన్నీ ఆ కార్డు మీదే గీకుతూ పోయాడు. వసూలు వాళ్ళు ఆఫీసుకు ఫోన్లు చేయడం మొదలయ్యాకే ఇంట్లో నోరు విప్పాడు.

ఆ అప్పు తీర్చింది మీ బాపు. నడుస్తున్న చిట్టిని నష్టానికి పాడి డబ్బు తెచ్చాడు. ఆ చిట్టి నీ ఇంటర్ చదువుకని వేసింది, బిడ్డా. నిన్ను హైదరాబాద్ హాస్టల్లో వేస్తానని చెప్పి చివరికి హన్మకొండలోనే చేర్చాడని అన్నం మానేసి అలిగావు గుర్తుందా? ఆయన ఒక్క మాట అనలేదు. కార్డు పేరెత్తగానే మొన్న ఆయన ఫోన్లో మౌనంగా అయిపోయాడని నువ్వు మీ అమ్మతో అన్నావట. కారణం ఇదీ. చిన్నబాపును మాత్రం ఈ విషయం అడగకు. వాడు తర్వాత పైసా మిగల్చకుండా తిరిగి ఇచ్చాడు. ప్రేమతోనే మొదలుపెట్టాడు, వాడి మీద నాకు కోపం లేదు.

కాబట్టి నువ్వు చేయాల్సింది ఇది. కార్డు ఇంటికి వచ్చినా యాక్టివేట్ చేయకు. 30 రోజులు దాటినా యాక్టివేట్ చేయకపోతే బ్యాంకు నీ దగ్గర ఓటీపీతో ఒప్పుకోలు అడగాలి. నువ్వు ఇవ్వకపోతే పైసా తీసుకోకుండా ఖాతా మూసేయాలి. 2022లో రిజర్వ్ బ్యాంక్ పెట్టిన నియమం ఇది. ఇప్పటికే వాడేసి ఉంటే, మొత్తం బిల్లుకు ఆటోపే పెట్టు, మినిమమ్‌కు కాదు. లిమిట్ నీ నెల జీతంలో సగానికి తగ్గించుకో. రెండో ఏడాది ఫీజు ఎంత, ఎయిర్‌పోర్ట్‌లో కూర్చునే లాంజ్‌కు పంపాలంటే మూడు నెలలకు ఎంత ఖర్చు పెట్టాలంటున్నారు, ఈ రెండూ రాసి నాకు పంపు. పాయింట్ల కోసం మాత్రం ఒక్క వస్తువూ కొనకు. ఇది నీ మేనత్త ఆజ్ఞ అనుకో, ఏమైనా అనుకో.

టికెట్ సంగతికొస్తే, విడిగా అమ్మేవన్నీ దండగ అని నేననను. సీటు, భోజనం, ఎక్కువ సామాను లాంటివి ప్రయాణికులు తాము కోరుకుంటేనే తీసుకోవాలి, కంపెనీ అంటగట్టకూడదని విమాన కంపెనీల మీద అజమాయిషీ చేసే డీజీసీఏ నియమం. పేజీలో ఇన్సూరెన్స్ లాంటి వాటికి టిక్ పెట్టి ఉందేమో చూసి తీసేయి. నీ ఒక్కదాని ప్రయాణమైతే సీటుకు డబ్బు కట్టొద్దనేదాన్ని. మీ అమ్మకు, బాపుకు ఇది మొదటి విమానం, ముగ్గురూ పక్కపక్కన కూర్చోవాలి, దానికి కట్టు. మీ అమ్మ లిఫ్టులోనే చెయ్యి పట్టుకుంటుంది. టేకాఫ్‌లో పక్కన పరాయి మనిషి ఉంటే ఎలా? బాపు మోకాళ్ళకు వీల్‌చైర్ కావాలంటే బుక్ చేసేటప్పుడే చెప్పు.

మామూలు టికెట్టుకు ఒక్కొక్కరికి 15 కిలోల పెద్ద బ్యాగు, చేతిలో 7 కిలోలు. ఎక్కువవుతుందనిపిస్తే ముందే ఆన్‌లైన్లో కొను, కౌంటర్ దగ్గర చాలా ఎక్కువ గుంజుతారు. సామాను విప్పమంటే చీరలన్నీ నేల మీద పరిచి కన్నీళ్ళు పెట్టుకున్న గల్ఫ్ కుటుంబాలను ఎన్నో చూశాను, మా కరీంనగర్ దిక్కువాళ్ళే ఎక్కువ. ముఖ్యంగా కుడుకలు. మీ అమ్మ ఒడిబియ్యంలోవి మూట కడుతుంది, నాకు తెలుసు. ఎండుకొబ్బరిలో నూనె ఉంటుంది, నిప్పంటుకునే గుణమని 2022లోనే చెక్-ఇన్ బ్యాగులో నిషేధించారు. ఇంట్లోనే పెట్టించు. వచ్చేటప్పుడు గంగ చెంబు సీలు వేసిందే కొని, చేతి సంచిలో కాకుండా పెద్ద బ్యాగులో బట్టల మధ్య పెట్టు.

తెల్లవారుజామున చౌకగా ఉందని ఆరింటి విమానం కొనకు. శంషాబాద్‌కు ఇక్కడి నుంచి నాలుగు గంటలు పెట్టుకోవాలి, రాత్రి పన్నెండుకు కారు మాట్లాడితే మిగిలిందంతా దానికే పోతుంది. ముసలివాళ్ళకు నిద్ర లేకపోతే కాశీలో మొదటి రోజు పడకలోనే గడుస్తుంది. 1930లో నిజాం కట్టించిన మామునూరు విమానాశ్రయం 1981 తర్వాత మూలపడింది. దాన్ని మళ్ళీ తెరవడానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఒప్పుకుంది. అది నడిచేదాకా మనకు ఈ బాధ తప్పదు. పదకొండు గంటలు దాటాక బయలుదేరేది చూడు.

టికెట్ రద్దు చేసుకోవాల్సి వస్తే, నాన్ రిఫండబుల్ అని రాసి ఉన్నా ఎయిర్‌పోర్ట్ ఫీజులు, పన్నులు వాపసు ఇవ్వాల్సిందే. అడగని వాళ్ళే ఎక్కువ, నువ్వు అడుగు.

చివరగా పేర్లు. మీ బాపు ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంది, మీ అమ్మ ఆధార్‌లో పూర్తిగా ఉంది. టికెట్ మీద ఆధార్‌లో ఉన్నట్టే పడాలి. విమాన కంపెనీ వెబ్‌సైట్లోనే కొన్న టికెట్లో తప్పు పడితే, 24 గంటల్లో చెప్తే డబ్బు తీసుకోకుండా సరిచేయాలి, తర్వాత గొడవ. బుక్ చేసే ముందు ఇద్దరి ఆధార్‌లు ఫొటో తీసి నాకు వాట్సాప్ చేయి. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లోనే ఉంటాను, ఇద్దరం ఫోన్లో ఉండి ఒక్కో గడి నింపుదాం. కార్డు సంగతి ఏం చేశావో మాత్రం ఆదివారం దాకా ఆగకుండా ఈ రాత్రే రాయి.

నీ మేనత్త