డాలస్‌దా పైచేయి, న్యూయార్క్‌దా?

ప్రశ్న: సార్ నమస్తే. మా పెద్దోడు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు, మా చెల్లెలి అల్లుడు న్యూయార్క్ పక్కన న్యూజెర్సీలో ఉంటాడు. పోయిన నెల మా తమ్ముడి గృహప్రవేశానికి ఇద్దరూ తిరుపతి వచ్చినారు, బంతిలో కూర్చున్నప్పుడు మొదలైంది వాదన. మావాడేమో డాలస్ వరల్డ్ క్లాస్ సిటీ, రోడ్లు చూడు, ఎయిర్‌పోర్ట్ చూడు, గుళ్ళు చూడు, మనోళ్ళు ఎంతమంది ఉన్నారో చూడు అంటాడు. అల్లుడేమో న్యూయార్క్ తప్పితే అమెరికాలో ఇంకో వరల్డ్ క్లాస్ సిటీనే లేదు పొమ్మంటాడు. ఆకులు ఎత్తేసినా తెగలేదు. మీరన్నా తేల్చి చెప్పండి.
– ఒక పాఠకురాలు, భవానీ నగర్, తిరుపతి

జవాబు: అమ్మా, మీ అల్లుడి మాట ముప్పాతిక నిజం, మీవాడి మాట పావు నిజం. ఎందుకో చెప్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

నేను చూసేది రెండే సంగతులు. ఆ ఊళ్ళో నలుగురు కూర్చుని తీసుకున్న నిర్ణయమో, ఆ ఊళ్ళో పుట్టిన వస్తువో, చిత్తూరులో ఉన్న మన ఇంటిదాకా వస్తుందా రాదా అనేది ఒకటి. చిత్తూరు నుంచి పోయిన మనిషి కారు లేకుండా, ఇంగ్లీషు సరిగ్గా రాకుండా, చేతిలో పెద్దగా డబ్బు లేకుండా ఆ ఊళ్ళో దిగితే బతకగలడా లేదా అనేది రెండోది. రెండూ ఉండాల్సిందే. వెడల్పు రోడ్లు, మాల్స్, అద్దాల బిల్డింగులు ఇవన్నీ నేను లెక్కలోకే తీసుకోను, డబ్బున్న ఏ ఊరైనా పదేళ్ళలో కట్టుకుంటుంది వాటిని.

న్యూయార్క్ సంగతి చూడండి. 2008 సెప్టెంబర్‌లో ఆ ఊళ్ళో లీమన్ బ్రదర్స్ అనే బ్యాంకు కూలిపోయింది. దాని దెబ్బకి మన పక్క క్యాంపస్ సెలెక్షన్లు అయిపోయిన పిల్లలు జాయినింగ్ లెటర్ కోసం నెలలు నెలలు ఇళ్ళల్లో కూర్చున్నారు, మీ వీధిలోనే అట్లాంటోళ్ళు ఇద్దరు ముగ్గురు గుర్తొస్తారు మీకు. ఐక్యరాజ్యసమితి ఆఫీసు కూడా ఆడనే. ఇక రెండోదానికొస్తే, 1892 నుంచి 1954 దాకా ఎల్లిస్ ఐలాండ్ అనే చిన్న దీవి మీదుగా దాదాపు కోటి 20 లక్షల మంది ఓడలు దిగి అమెరికాలోకి వచ్చినారు, చాలామందికి ఇంగ్లీషు ముక్క రాదు, అట్లాంటోళ్ళని తరాల తరబడి కడుపులో పెట్టుకున్న ఊరది. సబ్‌వే రైళ్ళు 1904లో మొదలయ్యాయి, ఇప్పుడు 472 స్టేషన్లు, రాత్రి రెండింటికి కూడా రైలు ఉంటుంది, ఎంత దూరం పోయినా ఒకటే టికెట్.

నేను క్వీన్స్‌లో జాక్సన్ హైట్స్ చూసినప్పుడే నాకు ఈ విషయంలో మనసు కుదుటపడింది. స్టేషన్ మెట్లు దిగితే తల మీద ఇనప స్తంభాల పైన 7 నంబర్ రైలు గడగడా పోతా ఉంటుంది, కింద 74వ వీధిలో చీరల కొట్లు, బంగారం అంగళ్ళు, గంపల్లో బెండకాయలు కరేపాకు, నాలుగడుగులేస్తే టిబెట్ వాళ్ళ మోమోల బండి, ఇంకో నాలుగడుగులేస్తే కొలంబియా వాళ్ళ బేకరీ. ఒక పెద్దావిడ చీర మీద స్వెటర్ వేసుకుని, కూరగాయలు ఏరుకుని, అంగడాయనతో వచ్చీరాని ఇంగ్లీషులో చిల్లర లెక్క తేల్చుకుని, సంచీ తీసుకుని ఒక్కతే నడుచుకుంటా ఇంటికి పోయింది. కొడుకునో కోడలినో అడిగే పని లేదు ఆమెకి.

ఇప్పుడు మీరు ఫ్రిస్కో పోయిన రోజులు గుర్తు తెచ్చుకోండి అమ్మా, పోయే ఉంటారు గదా. మధ్యాహ్నం మూడింటికి వీధిలోకొస్తే మనిషి కనపడడు. పక్కనే కనిపించే అంగడికి నడిచిపోదామంటే ఆరు లైన్ల రోడ్డు అడ్డం, ఎండేమో మన రేణిగుంట ఎండ. గుడికి పోవాలంటే కొడుకు ఆఫీసు నుంచి రావాలి. అక్కడ ఆరు నెలలుండే మన పెద్దోళ్ళందరూ పైకి చెప్పకుండా మింగే బాధ ఇదే, ఇది నాకు చాలా పెద్ద విషయంగా అనిపిస్తుంది. డాలస్‌లో రైళ్ళే లేవని నేను అనడంలేదు, 1996 నుంచి లైట్ రైల్ ఉంది, దాదాపు 150 కిలోమీటర్ల లైను, అమెరికాలోనే పొడుగైన వాటిల్లో ఒకటి, కానీ ఫ్రిస్కో అందులో చేరనే లేదు. ఎయిర్‌పోర్ట్ గురించి మీవాడు చెప్పింది మాత్రం అక్షరాలా నిజం, 1974లో తెరిచిన ఆ ఎయిర్‌పోర్ట్ స్థలం మన్‌హట్టన్ దీవి కన్నా పెద్దది. మనోళ్ళు ఎక్కువ ఉన్నారు కాబట్టి డాలస్ మనకి సొంతూరులాగా అనిపిస్తుంది, అందుకే మీవాడికి అంత ప్రేమ, ఆ ప్రేమని నేను తక్కువ చేయను, కానీ పెరూ నుంచో ఇథియోపియా నుంచో చేతిసంచీతో దిగినోడికి అది అట్ల అనిపించాలి గదా.

అల్లుడు ఆ ఒక్క ఊరే అనడం మాత్రం తప్పు. అయితే ఆయనకి పెద్ద పెద్దోళ్ళే తోడున్నారు. సాస్కియా సాసెన్ అనే సోషియాలజిస్టు 1991లో ప్రపంచాన్ని నడిపే నగరాలని న్యూయార్క్, లండన్, టోక్యో మూడింటినే తీసుకుని రాసింది. ఇంగ్లండ్‌లో లాఫ్‌బరో యూనివర్సిటీలో మొదలైన ఒక పరిశోధక బృందం ఇప్పటికీ లండన్, న్యూయార్క్ రెండింటినే అన్నిటికన్నా పైమెట్టు మీద పెడుతుంది. వాళ్ళు లెక్కపెట్టేది బ్యాంకులు, లా ఫర్మ్‌లు, ఆడిటింగ్, యాడ్ కంపెనీల ఆఫీసులు ఏ ఊరికీ ఏ ఊరికీ మధ్య అల్లుకుని ఉన్నాయని. మంచి లెక్కే గానీ సంచీ పట్టుకున్న ఆ పెద్దావిడ అందులో ఎక్కడా లేదు.

నా లెక్కలో లాస్ ఏంజెలెస్ ఉంటుంది, హాలీవుడ్ ఒక్కటి చాలు, దానికి తోడు చైనా, జపాన్ల నుంచి వచ్చే సరుకు దిగే లాస్ ఏంజెలెస్, లాంగ్ బీచ్ రేవులు, 1932, 1984 ఒలింపిక్స్, మళ్ళీ 2028లో. ఒకప్పుడు ఊరంతా ట్రామ్ లైన్లు ఉండేవి, 1960ల మొదట్లో అన్నీ పీకేసినారు, 1990 నుంచి మళ్ళీ మెట్రో కట్టుకుంటా వస్తున్నారు, అందుకని బొటాబొటీ మార్కులతో పాస్. వాషింగ్టన్‌లో ప్రపంచ బ్యాంకు, దేశాలకి అప్పులిచ్చే ఐఎంఎఫ్ ఉన్నాయి, మన అమరావతి అప్పుకి 2024 డిసెంబర్‌లో ఓకే చెప్పిన బోర్డు ఆ ఊళ్ళోదే, మెట్రో బాగుంటుంది, స్మిత్సోనియన్ మ్యూజియాల్లోకి పైసా టికెట్ లేదు, దాన్ని నేను ధైర్యంగా చేరుస్తాను. శాన్‌ఫ్రాన్సిస్కో చూస్తే ఊరు చిన్నది, 2020 లెక్కల్లో 8 లక్షల 74 వేల మంది, ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద 1945లో సంతకాలు జరిగింది అక్కడే, మన చేతిలో ఫోన్లు నడిపే కంపెనీలన్నీ ఆ చుట్టుపక్కలే. కానీ అక్కడ ఒక టీచరో నర్సో ఇల్లు తీసుకుని ఉండలేని పరిస్థితి వచ్చేసింది, అందుకే సగం మార్కులు.

ప్రశ్న: వరల్డ్ క్లాస్ సిటీలంటే అందరూ న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ అంటారు గానీ చికాగో పేరెత్తరు. వివేకానందుడు మాట్లాడిన ఊరు గదా అది, ఎందుకు ఆ చిన్నచూపు?
– రిటైర్డ్ టీచర్, చిత్తూరు

జవాబు: మాస్టారూ, మీరు అడిగినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది, చికాగోకి అన్యాయం జరుగుతోందని నాకూ ఎప్పటినుంచో ఉంది. నన్నడిగితే న్యూయార్క్ తర్వాత కుర్చీ దానిదే.

1871లో ఆ ఊళ్ళో దాదాపు మూడో వంతు కాలి బూడిదైంది. తిరిగి కట్టుకుంటా కట్టుకుంటా 1885లో లోపల ఉక్కు, ఇనుము ఫ్రేమ్ పెట్టి పదంతస్తుల హోమ్ ఇన్సూరెన్స్ బిల్డింగ్ లేపినారు, ప్రపంచంలో మొదటి స్కైస్క్రేపర్ అని చాలామంది దాన్నే అంటారు. తర్వాత 1973లో 442 మీటర్ల సియర్స్ టవర్, పాతికేళ్ళ దాకా లోకంలో దాన్ని మించింది లేదు. దానికి స్ట్రక్చర్ వేసిన ఇంజనీరు ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్, ఢాకాలో పుట్టినాయన. ఆయన పనిచేసిన కంపెనీ చికాగో ఆఫీసే తర్వాత దుబాయ్ బుర్జ్ ఖలీఫా డిజైన్ చేసింది. మన జిల్లాల నుంచి గల్ఫ్ పోయినోళ్ళు పనికి పోతా వస్తా రోజూ చూసే బిల్డింగు వెనకాల చికాగో బుర్ర ఉంది. ఊళ్ళో మురికంతా నది నుంచి తాగేనీళ్ళ సరస్సులోకి పోతా ఉందని 1900లో కాలవ తవ్వి ఆ నదినే వెనక్కి తిప్పేసినారు, నీళ్ళ కోసం అల్లాడే మన రాయలసీమోళ్ళకి ఆ పని విలువ చెప్పాల్సిన పనిలేదు.

అన్నిటికన్నా నాకు బరువైన సాక్ష్యం 1848లో పెట్టిన చికాగో బోర్డ్ ఆఫ్ ట్రేడ్ అనే పంటల బేరాల మార్కెట్. మొక్కజొన్న, గోధుమ, సోయా ముందస్తు బేరాలకి లోకమంతా చూసే ధర అక్కడిదే. మన దేశం వంటనూనె చాలావరకు బయట నుంచే కొంటుంది, చికాగోలో సోయా నూనె ధర ఎగిరితే కొన్నాళ్ళకి చిత్తూరు చర్చి వీధి అంగట్లో ప్యాకెట్ మీద కనపడుతుంది. మన మదనపల్లె మార్కెట్లో టమాటా రేటు పొద్దున ఒకటి మధ్యాహ్నం ఒకటి అయ్యి రైతు కళ్ళనీళ్ళు పెట్టుకునేది చూసినప్పుడల్లా, పంట చేతికి రాకముందే రేటు ఖాయం చేసుకునే ఆ పద్ధతి మన చిన్న రైతుకి అందుబాటులో లేదే అని మనసు కలుక్కుమంటుంది.

వివేకానందుడు 1893 సెప్టెంబర్ 11న మాట్లాడిన బిల్డింగ్ ఇప్పుడు ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియం, లోపలికి పోయి చూడొచ్చు. ఎయిర్‌పోర్ట్ నుంచి ఊళ్ళోకి రాత్రీ పగలూ నడిచే రైలుంది, డెవన్ అవెన్యూలో మన సరుకులన్నీ దొరుకుతాయి. లోపాలు లేవని కాదు. ఊరికి దక్షిణం, పడమర పక్కల తుపాకుల గొడవలు, 1950లో 36 లక్షలున్న జనం 27 లక్షలకి దిగారు, చలి గురించి వేరే చెప్పక్కర్లేదు. అయినా నా ఓటు మారదు.

ప్రశ్న: అన్నా, పిట్స్‌బర్గ్‌లో మన స్వామి గుడి ఉంది గదా, మనం ఆ ఊరిని వరల్డ్ క్లాస్ అనకూడదా?
– గోవిందరాజస్వామి గుడి దగ్గర నుంచి ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: తమ్ముడూ, ఆ గుడి అంటే నాకూ చాలా ఇష్టం. పెన్ హిల్స్‌లో గుట్ట మీద, టీటీడీ సాయంతో కట్టి 1977లో కుంభాభిషేకం చేసినారు, అమెరికాలో మొట్టమొదటి హిందూ గుళ్ళల్లో అదొకటి, అప్పట్లో వందల మైళ్ళ నుంచి కార్లేసుకుని వచ్చేవాళ్ళు. ఊరికి కూడా గొప్ప చరిత్రే ఉంది, కార్నెగీ అనే ఆయన ఉక్కు కంపెనీ అక్కడిదే, 1955లో పనిచేస్తుందని తేలిన పోలియో టీకా తయారుచేసిన జోనస్ సాక్ పనిచేసింది అక్కడి యూనివర్సిటీలోనే. కానీ ఉక్కు ఫ్యాక్టరీలు మూతపడి 1950లో 6 లక్షల 77 వేలు ఉన్న జనం 3 లక్షలకి వచ్చేసినారు. వరల్డ్ క్లాస్ హోదా ఆస్తి దస్తావేజు కాదు, దాచిపెట్టుకోవడానికి. డెట్రాయిట్ చూడు, లోకానికి కారు అలవాటు చేసిన ఊరు, 2013లో దివాలా తీసింది. పిట్స్‌బర్గ్ ఇప్పుడు ఆస్పత్రులు, రోబోల చదువులతో మళ్ళీ లేస్తోంది, లేవాలనే నా కోరిక. ఇప్పటికైతే మంచి ఊరు, అంతవరకే.

ప్రశ్న: సార్, నేను తిరుపతిలో బీటెక్ ఫైనల్ ఇయర్. ఎంఎస్‌కి పోవాలి, నాన్న మామిడి తోట మీద లోన్ తీస్తానంటున్నాడు. న్యూయార్క్, బోస్టన్ లాంటి ఊళ్ళల్లో చదివితేనే లైఫ్ ఉంటుందని ఫ్రెండ్స్ అంటున్నారు, నిజమేనా?
– ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: నిజం కాదు నాయనా. ఊరు వేరు, చదువు వేరు. బోస్టన్ పక్కన హార్వర్డ్, ఎంఐటీ ఉన్నాయి, చదువుకీ వైద్యానికీ దానికి తిరుగులేదు, ఒప్పుకుంటాను. కానీ ఇంటర్నెట్‌ని మామూలు జనానికి తెచ్చిన మొజాయిక్ బ్రౌజర్ 1993లో వచ్చింది ఇల్లినాయ్‌లో అర్బానా షాంపేన్ అనే, చుట్టూ మొక్కజొన్న చేలు ఉండే చిన్న ఊరి యూనివర్సిటీ నుంచి. పేరున్న పర్‌డ్యూ యూనివర్సిటీ ఉండేది వెస్ట్ లఫాయెట్‌లో, అదీ చిన్న ఊరే. స్టూడెంట్ వీసా మీద క్లాసులు జరిగేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చేయనిస్తారు, ఆ రూల్ మన్‌హట్టన్‌లో అయినా పల్లెటూళ్ళో అయినా ఒకటే, అద్దె మాత్రం ఒకటి కాదు. కాబట్టి ఐ-20 (వీసాకి యూనివర్సిటీ ఇచ్చే కాగితం) వచ్చిన ప్రతి యూనివర్సిటీలో మన పక్క సీనియర్ ఒకరిని పట్టుకుని రూమ్ అద్దె ఎంత, క్యాంపస్‌కి బస్సు ఉందా, నీ బ్రాంచ్‌లో పోయిన ఏడాది ఎంతమందికి ఇంటర్న్‌షిప్ దొరికింది అని అడుగు, ఆ మూడు జవాబులూ కాగితం మీద రాసి నాన్న ముందు పెట్టు, ఆయన బ్యాంకుకి పోయేది ఆ తర్వాత.