కంటి డాప్లర్ పెట్టే ముందు బీపీ చూడు

చి. స్వాతికి, పెద్దమ్మ ఆశీస్సులు.

థీసిస్‌కి ప్రీఎక్లాంప్సియా (గర్భంతో ఉండగా బీపీ పెరిగే జబ్బు) గర్భిణుల కంటి డాప్లర్ (రక్తప్రవాహం కొలిచే స్కాన్) తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది. మురిసిపోయాను, వెంటనే భయమూ వేసింది.

కొలత నీకు వచ్చిందే. మూసిన పైరెప్ప మీద జెల్, లీనియర్ ప్రోబ్, మిషన్ పవర్ కంటికి తగ్గట్టు తగ్గించి పెట్టు. నొక్కావంటే కంట్లో ఒత్తిడి పెరిగి డయాస్టోలిక్ ప్రవాహం (గుండె సడలినప్పటి రక్తప్రవాహం) పడిపోతుంది, లెక్క తప్పుతుంది. బొడ్డుతాడు డాప్లర్‌కి అలవాటుపడ్డవాళ్లకి ఇక్కడ తికమక: అక్కడ రక్తప్రవాహానికి నిరోధం పెరిగితే ప్రమాదం, ఈ జబ్బులో కంటి ధమనిలో తగ్గుతుంది. డాప్లర్ గీతలో రెండో సిస్టోలిక్ శిఖరం (గుండె ముడుచుకున్నప్పటి ఎత్తు) మొదటిదాన్ని అందుకోబోతోందంటే జాగ్రత్తపడు.

నా భయం మిషన్ గురించి కాదు. "కళ్ల ముందు మిణుగురులు తిరుగుతున్నాయమ్మా" అంటుంది గర్భిణి. రక్తం తక్కువేమోలే అని, బీపీ చూడకుండానే చీటీ రాసి కళ్ల ఓపీకి పంపేస్తారు. ఎన్నేళ్లయినా పోని తప్పు ఇది! అక్కడ కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి ఫండస్ (కంటి లోపలి వెనక భాగం) చూసి "నార్మల్" అని రాస్తారు. ఆ మాటతో అందరూ నిశ్చింతగా ఉంటారు. దెబ్బ తగిలింది మెదడు వెనక భాగానికైతే ఫండస్ బాగానే ఉంటుంది, కంటిపాపలూ వెలుతురుకి ముడుచుకుంటాయి, ఆమెకి మాత్రం చూపుండదు. తర్వాత వచ్చేది ఫిట్సే. పైగా చుక్కలు వేశాక పాపలు గంటల తరబడి ఏమీ చెప్పవు. అందుకే ముందు టార్చి వేసి చూసి, టైముతో సహా కేస్‌షీట్‌లో రాయి. చుక్కల సీసా మీద ఫినైల్‌ఎఫ్రిన్ అని ఉంటే పక్కన పెట్టు, అది బీపీ పెంచగలదు. ఉత్త ట్రోపికమైడ్ చాలు.

160/110 వచ్చి, 15 నిమిషాల తర్వాతా అలాగే ఉంటే డాప్లర్ ఆపు. థీసిస్ కేసు పోతే పోనీ! బీపీ తగ్గించే మందు ఇవ్వడం గంట దాటకూడదు. ఫిట్స్ రాకుండా ఇచ్చే మెగ్‌సల్ఫ్ (మెగ్నీషియం సల్ఫేట్) సంగతి మీ యూనిట్ చూస్తుంది. అది పడ్డాక రెండుగా కనిపిస్తోందంటే మాత్రం ముందు మోకాలి రిఫ్లెక్స్ చూడు, మందు ఎక్కువైనా అలాగే ఉంటుంది. దానికి విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ తలదగ్గరే ఉండాలి.

చూపు పోయిందని ఏడ్చేవాళ్లని కసురుకోకు, తల్లీ. కాన్పయ్యాక చాలామందికి తిరిగొస్తుంది. రెటీనా కింద నీరు చేరినా ఎక్కువగా ఆపరేషన్ లేకుండానే కొన్ని వారాల్లో ఇంకిపోతుంది. ఆ మాట చేయి పట్టుకుని చెప్పు.

కాన్పు తర్వాతా ఫిట్స్ రావచ్చు. ఘాట్ ఎక్కి పాడేరు వెళ్లిపోయేవాళ్ల అత్తగారికి చెప్పి పంపు: తలపోటుతో చూపు మసకేస్తే తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చెయ్యాలని.

డాప్లర్ గది తలుపు పక్కనే బీపీ మిషన్ పెట్టించు. లావు చేతులకి పెద్ద కఫ్ కూడా అడుగు.

మీ పెద్దమ్మ