ఉస్మానియా ఆసుపత్రి ఏడో నిజాంతోనే మొదలైందా?

కాదండీ. పేరు ఆయనదే (మీర్ ఉస్మాన్ అలీ ఖాన్) గానీ, ఆసుపత్రి అంతకంటే పాతది. సాలార్‌జంగ్ హైదరాబాద్ దివాన్‌గా (ప్రధానమంత్రిగా) ఉన్నప్పుడు, 1866లో, మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి వెలిసింది. అంతకుముందే, 1846లో పెట్టిన వైద్య పాఠశాలే తర్వాత ఉస్మానియా మెడికల్ కాలేజీ అయింది.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఆ ఆసుపత్రిని తుడిచిపెట్టేసింది. పక్కనున్న చింతచెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఆవరణలో ఇంకా పచ్చగానే ఉంది, వెళ్తే తప్పకుండా చూడండి.

ఇప్పుడు కనిపించే గుమ్మటాల భవనం ఆ తర్వాతిది, బ్రిటిష్ ఆర్కిటెక్ట్ విన్సెంట్ ఎష్ డిజైన్ చేశాడు. 2020 జులైలో వార్డుల్లోకి నీళ్లు రావడంతో ఆ పాత భవనాన్ని ఖాళీ చేయించారు. రిపేర్ చేయించి నిలబెట్టుకోవాల్సిన కట్టడమని నా గట్టి అభిప్రాయం.