ఇన్సులిన్ మరచిపోతున్న అబ్బాయి

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్లు. టైప్-1 మధుమేహంతోపాటు ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతిచురుకుదనం) ఉంది. బడిలో మధ్యాహ్నం ఇన్సులిన్ మరచిపోయి, వేసుకున్నానంటాడు. ఏం చేయాలి?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, అబద్ధమాడుతున్నాడని తొందరపడి నిర్ణయించుకోకండి, చేయాల్సిన పనిని వేళకు గుర్తుతెచ్చుకోవడమే ఏడీహెచ్‌డీ పిల్లలకు కష్టం. వేసుకున్నాడో లేదో తేలనప్పుడు రెండోసారి వేసుకుంటే ప్రాణాపాయం, కాబట్టి ఒక టీచరు ఎదుట వేసుకుని వెంటనే రాసే ఏర్పాటు చేయించండి. ఇన్సులిన్ పెన్నును వేడి క్యారేజీకి ఆనించకుండా వేరే సంచిలో పెట్టండి. మన గుంటూరు ఎండలకు మందు త్వరగా పాడవుతుంది. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ మందు వాడుతుంటే మధ్యాహ్నం ఆకలి తగ్గవచ్చు. పూర్తి మోతాదు వేసుకుని అన్నం సగం వదిలేస్తే చక్కెర పడిపోతుంది గనుక, క్యారేజీలో ఎంత మిగులుతోందో గమనించి డాక్టరుగారికి తప్పక చెప్పండి. తరగతిలో పరధ్యానంగా కనిపిస్తే, మందలించే ముందు చక్కెర పరీక్షించాలి. 70 మి.గ్రా./డె.లీ. కంటే తగ్గితే 15 గ్రాముల గ్లూకోజు ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి.